ఆరో వెర్షన్

"దేశంలోనే ప్రప్రథమంగా రైతు సేవలో కంప్యూటరు! మంత్రివర్యుల అమృత హస్తాలతో విడుదల!" అని తొంభై ఎనిమిదిలో నల్గొండ జిల్లాలోని ఒక కాలువల ఆఫీసు ప్రకటించింది. జిల్లా అంతా పులకించింది. పులకించనివాడు లతీఫ్ ఒక్కడే. ఆ కంప్యూటరు ముందు కూర్చునేది అతనే మరి.

సంగతి చిన్నదే. నీళ్ల వంతులు వేసే పాత ప్రోగ్రాము కాలువ మొదటి నుంచి లెక్క కట్టేది. చివరి మళ్లకు వచ్చేసరికి నీళ్లు అయిపోయేవి. లతీఫ్ దానికో ప్లగిన్, అంటే చిన్న అతుకు ప్రోగ్రాము, తగిలించి లెక్కను చివరి నుంచి మొదలుపెట్టాడు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపలి రాతంతా చూసుకోవచ్చు. కానీ విడుదలైన ప్రోగ్రాము ఇచ్చిన వంతుల జాబితాకే ఇంజనీరు సారు సంతకం. ఆ సంతకం ఉంటేనే కాలువ కాపలా లష్కరు తూము ఎత్తుతాడు.

కాలువ చివర పెద్దులు అనే రైతుది ఎకరన్నర వరి, పొట్టమీదుంది; ఇప్పుడు నీళ్లు తప్పితే తాలే.

"నా వంతెప్పుడు బిడ్డా?"

"విడుదల కాంగనే మామా. ఎవరికైన ఊరికెనే ఇస్తం, ఫికర్ చెయ్యకు."

ఇంజనీరు సారు మహా దార్శనికులు. లతీఫ్ రాసిన అరపేజీ వివరణ చూడగానే లోపం పట్టేశారు.

"వెర్షన్ ఒకటేందయ్యా?"

"మొదటిది గద సార్."

"మంత్రిగారితోని ఒకటి విడుదల చేయిస్తవా? పక్క జిల్లోళ్లు ఆరు చేసిన్రు. మనది ఏడు."

"ముందటి ఆరు ఏవి సార్?"

"లేకుంటే ఏడెట్ల వస్తది? రాయి!"

టెంపరరీ ఉద్యోగం. లతీఫ్ రాశాడు. పుట్టని వెర్షన్లకు రోగాలు తగిలించి, తానే మందులిచ్చి నయం చేశాడు. అయిదు దాకా లాక్కొచ్చేసరికి రోగాలు అయిపోయాయి. ఆరోదానికి సారే కలం పట్టారు: "చివరి ఆయకట్టు సమస్య శాశ్వతముగా పరిష్కరించబడినది."

"మరి ఏడోది ఏం చేస్తది సార్?"

"మంత్రిగారి ఫోటో చూపిస్తది."

ఫోటో ఫ్లాపీలో పట్టలేదు. సారు క్షణం కూడా తడుముకోలేదు. "ఆరుల తీరిన బాధకు ఏడుల మళ్ల లెక్కెందుకు? గా చివరి నుంచి కట్టే లెక్క తీసెయ్."

అరపేజీ వివరణ అరవై పేజీల పుస్తకమైంది. మంత్రిగారు మీట నొక్కారు, తెర మీద మంత్రిగారే నవ్వారు. సభ చప్పట్లు కొట్టింది. ఆనక జాబితా అచ్చయింది. అందులో పెద్దులు వంతు లేదు. సారుకు అర్జీ పెట్టుకొమ్మని లతీఫే అతనికి రాసిచ్చాడు.

ఆఫీసు చరిత్రలో తొలిసారి మూడు రోజుల్లోనే జవాబు వెళ్లింది. పెద్దులు దాన్ని ఊళ్లో చదివించుకుని, సంబరంగా లతీఫ్ దగ్గరికి వచ్చాడు. కింద సారు సంతకం నిగనిగలాడుతోంది.

"అర్జీదారుని సమస్య ఆరవ వెర్షన్‌లోనే పరిష్కరించబడియున్నది. కావున అర్జీదారు ఆరవ వెర్షన్‌ను వాడుకొనవలెను."

"ఇంకో నాల్గు దినాలు ఆగుతది వరి," అంటూ పెద్దులు చెయ్యి చాపాడు. "గా ఆరోది ఇయ్యి బిడ్డా. ఊరికెనే అంటివి గద."