గవ్వల లోడు

గవ్వల లోడు రావలసిన రోజు ఉదయం షావుకారు పెట్టుకున్న పని ఒక్కటే. గోదాము నేల ఊడిపించి, చెక్క బల్లలు వరసగా వేయించి, మధ్యాహ్నానికి రాబోయే కంటెయినర్ కోసం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం. కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది, సాయంత్రమూ అయింది. కంటెయినర్ రాలేదు.

ఆ దేశానికి సముద్రం లేదు. ఏ సరుకైనా పొరుగు దేశపు రేవులో దిగి, లారీ ఎక్కి, కొండలు దాటి, సరిహద్దు గేటు దగ్గర పడిగాపులు కాసి రావలసిందే. షావుకారు ఎండు పాస్తా తెప్పించి ఊళ్ళో కొట్లకు వేస్తుంటాడు. సముద్రాన్ని ఏనాడూ చూసినవాడు కాడు. అందుకే దాని గురించి ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. సముద్రపు గాలి సోకితే పాస్తా మెత్తబడుతుందన్నది ఒకటి. సముద్రం లేని జనానికి దాని మీద మోజు ఎక్కువ కనుక, ఈసారి గవ్వల ఆకారంలో ఉండే పాస్తా తెప్పించాలన్నది ఇంకొకటి.

"ఎప్పుడూ తెచ్చే పుల్లల్లాంటిదే తెద్దాం బావా. గేటు దగ్గర వాళ్ళకి అదైతే అలవాటు" అన్నాడు బావమరిది, రేవుకు బయలుదేరేముందు.

"వ్యాపారం నీకెప్పుడు వంటబడుతుందిరా! చెప్పింది చెయ్యి. దారి పొడుగునా కంటెయినర్ మీద టార్పాలిన్ కప్పే ఉంచు. గాలి తగలకూడదు."

"ఇనప పెట్టెలోకి గాలెలా పోతుంది బావా?"

"కప్పమంటే కప్పు."

బావమరిది నవ్వి వెళ్ళాడు. అక్క పెళ్ళయిన ఏడాది నుంచి అతను ఆ కొట్లోనే ఉన్నాడు. మూటలు మోసినా, రేవుకు వెళ్ళినా, బావ మాట తీసేసిన రోజు లేదు.

చీకటి పడుతుండగా కొట్లో ఫోను మోగింది.

"కంగారు పడకు బావా. గేటు దగ్గర ఆపేశారు. ఇనప పెట్టెకి దుప్పటి కప్పినవాణ్ణి వాళ్ళు ఇంతవరకూ చూళ్ళేదట. అనుమానమొచ్చి తెరిపించారు. తెరిస్తే గవ్వలు. ఇవి సముద్రపు ప్రాణులు, చేపల శాఖ ఒప్పుకోవాలంటున్నారు."

"గోధుమపిండి అని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. సముద్రంలో గోధుమలు పండుతాయా అని నన్నే అడిగారు."

"మన దేశంలో చేపల శాఖ ఎక్కడేడిసింది?"

"ఉంది బావా. చెరువులు చూసుకునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఉద్యోగంలో చేరాక సముద్రం సరుకు తన దగ్గరికి రావడం ఇదే మొదలట. మహా సంబరంగా ఉన్నాడు."

షావుకారు నవ్వబోయాడు. పక్కన కూర్చుని ఫోను మాటలన్నీ విన్న బియ్యం కొట్టాయన నవ్వనివ్వలేదు.

"పాస్తాకీ చెరువుకీ ఏం సంబంధమండీ? సరుకు ఎక్కడో దింపేసి కథ చెబుతున్నట్టుంది. నాకెందుకులెండి, మీ ఇంటి వ్యవహారం" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోను. బావమరిది గొంతు ఏదో గదిలోంచి మాట్లాడుతున్నట్టు గింగురుమంటోంది.

"బావా, ఇంకో చిక్కొచ్చింది. ఆ పెద్దాయన గుప్పెడు గవ్వలు పళ్ళెంలో వేసి రాత్రంతా నీళ్ళలో ఉంచాడు. తెల్లారేసరికి రెండింతలయ్యాయి. పెరిగాయి కాబట్టి వీటికి ప్రాణముంది అంటున్నాడు. నువ్వొక్క మాట..."

"ప్రాణమా?"

"అదే బావా, నువ్వు చెబితే..."

"నా చెవిలో పువ్వులు పెడుతున్నావా? నిన్న చెరువులన్నావు, ఇవాళ గవ్వలకి ప్రాణమొచ్చిందంటావు! లోడు ఎవరికి అమ్ముకున్నావురా? ఇన్నాళ్ళూ ఇంట్లో దొంగని పెట్టి మేపాను!"

అవతల లైను తెగిపోయింది. నిజం బయటపడేసరికి ఫోను పెట్టేశాడు అనుకున్నాడు షావుకారు. వెనక్కి తిరిగితే కాఫీ గ్లాసుతో భార్య నిలబడి ఉంది.

"ఎవరండీ దొంగ?"

ఆయన ఫోను వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని, బస్టాండు వైపు నడిచింది. ఆయన ఆపలేదు. ఆపాల్సిందని కాఫీ చల్లారాక అనిపించింది.

ఆవిడ తిరిగొచ్చింది లారీలో, డ్రైవరు పక్కన కూర్చుని. వెనక కంటెయినర్, దాని మీద టార్పాలిన్, ఎక్కడా చిరుగు లేకుండా.

"వాడేడీ?" అన్నాడు షావుకారు.

"ముందు సరుకు దింపించుకోండి. దొరికింది కదా."

"అసలేం జరిగిందే?"

"ఏం జరుగుతుంది? ఇది తినే వస్తువని మీ నోటితో వినాలని ఆ ఆఫీసంతా స్పీకర్ పెట్టుకుని కూర్చుంది. మీరు చెప్పింది విన్నారు. అప్పటిదాకా ప్రాణమున్న సరుకే, ఆ తర్వాత దొంగ సరుకు కూడా అయింది. వాణ్ణి ఓ గదిలో కూర్చోబెట్టి బయట కాపలా పెట్టారు."

షావుకారు గోదాము గోడకు ఆనుకున్నాడు.

"నేను వెళ్ళి చెప్పాను, సరుకు మాదే, దొంగలెవరూ లేరు, నోటి దురుసు మనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన ఇంటి దగ్గరున్నాడు అని. గవ్వల సంగతి వాడే తేల్చాడు. అందరి ముందూ ఉడకబెట్టుకుని, ఉప్పన్నా లేకుండా, పళ్ళెం ఖాళీ చేశాడు. ఆ పెద్దాయన మొహం చూడలేకపోయాను, పాపం. పెంచుకుందామనుకున్నట్టున్నాడు."

"మరి నీతో రాలేదేం?"

"సరుకు మీకు అప్పగించమన్నాడు. రేవులో ఏదో పని చూసుకున్నాడట." ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "మీ మీద ఒక్క మాట అనలేదండీ. అంటే బాగుండేది."

ప్రాణమున్న పాస్తా వచ్చిందన్న వార్త లోడు కన్నా ముందే ఊరికి చేరింది. జనం ఎగబడ్డారు. నీళ్ళలో వేసి పెరగడం చూసి పిల్లలు కేకలు పెట్టారు. షావుకారు ఊహించినట్టే, సముద్రం లేని జనానికి దాని మీద మోజు ఉన్నమాట నిజమే. వారం తిరక్కుండా గోదాము ఖాళీ అయింది. బియ్యం కొట్టాయన కూడా ఒక పెట్టె పట్టుకెళ్ళి, "నేనప్పుడే అన్నాను, మీ బావమరిది బంగారమని" అన్నాడు. షావుకారు ఆయన మొహంలోకి చూసి, పెట్టెకు తాడు కట్టి ఇచ్చాడు.

తర్వాతి లోడుకు కబురు పెట్టాలి. దాన్ని తేవడానికి రేవుకు ఎవరు వెళతారని భార్య రెండుసార్లు అడిగింది. చూద్దాం అన్నాడు. పగలల్లా బావమరిదితో చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు, కొట్టు మూసే వేళకు అవి ఒక్కటీ సరిపోలేదు. దొంగ అనడానికి క్షణం పట్టింది.

కాదని చెప్పడం ఇంకా కాలేదు.