డిక్షనరీ గారి తొలి పాఠం

ఆ సోమవారం పొద్దున్న ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే ఆఫీసుకి వెళ్ళి, స్టోర్ రూములో తలుపేసుకుని ఫోన్లో ఇంగ్లీషు క్లాసు వినాలి. విన్నది విన్నట్టు, మీటింగ్ హాల్లో సిబ్బందికి తన సొంత సరుకులా అప్పజెప్పాలి. ప్రసంగం బాగుంటే ఉత్తరాల విభాగానికి హెడ్డుని చేస్తానని మేనేజరు మాటిచ్చాడు.

ఆఫీసులో ఆయన్ని అందరూ డిక్షనరీ గారంటారు. నిజానికి ఆయనకి ఇంగ్లీషు రాదు. ఎవరైనా ఉత్తరం రాసుకొస్తే కళ్ళజోడు సవరించుకుని, రెండుసార్లు "ఊఁ" అని, "ఇక్కడో కామా పెట్టండి" అనేవాడు. కామా వల్ల ఎవరికీ నష్టం కలగలేదు కాబట్టి ఆ పేరు అలా నిలిచిపోయింది. క్లాసు సంగతి ఆయనకి ఇంట్లో టేబుల్ మీద పడి ఉన్న కరపత్రం వల్ల తెలిసింది. అది ఎవరు తెచ్చారని ఆయన ఆలోచించలేదు. ఆ ఇంట్లో ఇంగ్లీషు అవసరం తనకొక్కడికే ఉందని ఆయన నమ్మకం.

"ఇంత పొద్దున్నే ఎక్కడికండీ?" అంది భార్య.

"నీకు చెప్తే అర్థం కాదులేవోయ్. ఆఫీసు ఇంగ్లీషు వ్యవహారం."

ఆవిడ గడియారం వైపు చూసి, ఆయన్ని త్వరత్వరగా సాగనంపింది.

అట్టపెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని, లెర్నర్ అనే పేరుతో క్లాసులో చేరాడు. "నేటి పాఠం: పుట్ అప్ విత్" అని తెర మీద కనిపించింది గానీ మాట వినపడలేదు. శబ్దం పెంచాడు. లాభం లేకపోయింది. పూర్తిగా పెంచేశాడు. శుక్రవారం సాయంత్రం హాల్లో స్పీకరు పరీక్షించడానికి తన ఫోన్నే దానికి బ్లూటూత్‌లో కలిపి, విడదీయడం మరిచిపోయాడు. దాంతో ముందే వచ్చి హాల్లో కూర్చున్న సిబ్బందికి పాఠం దివ్యంగా వినపడుతోంది. ఇదంతా డిక్షనరీ గారి ఏర్పాటే అనుకుని మేనేజరు రాసుకోవడం కూడా మొదలుపెట్టాడు.

ఇంతలో గోడ అవతల్నుంచి భార్య గొంతు వినిపించింది.

ఎన్నడూ ఆఫీసు గడప తొక్కని మనిషి ఇవాళే ఎందుకొచ్చినట్టు? ఏం చెప్పేస్తోందో? ఫోను చేత్తో పట్టుకునే హాల్లోకి పరిగెత్తాడు. అక్కడ భార్య లేదు. మేనేజరూ, సిబ్బందీ స్పీకరు పెట్టె వైపు చెవులు రిక్కించి కూర్చున్నారు.

"పుట్ అప్ విత్ అంటే భరించడం," అంటోంది పెట్టెలోంచి టీచరమ్మ. "టాలరేట్, బేర్, ఎండ్యూర్ అన్నీ దీని చుట్టాలే. ఓర్చుకోవడం, సహించడం, సర్దుకుపోవడం. కానీ ఇష్టమైన వాటికి వాడకూడదు. నచ్చకపోయినా మోస్తాం చూడండి, దానికి. హోమ్‌మేకర్ గారూ, మీ వాక్యం ఇంకోసారి చెప్పండి."

"ఐ పుట్ అప్ విత్ మై హస్బెండ్స్ ఇంగ్లిష్," అంది భార్య.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎందుకమ్మా, మరీ ఎక్కువ మాట్లాడతారా?"

"రాదండి. వచ్చినట్టు ఉంటారు. ఆ మధ్య డాక్టరుగారి దగ్గర ఇంగ్లీషులో మొదలెట్టారు. ఆయనేం చెప్పినా ఎస్ ఎస్ అనుకుంటూ వచ్చేశారు. ఏమన్నారండీ అంటే, అన్నీ తినొచ్చన్నాడోయ్ అన్నారు. ఈయనకి షుగరండి. తర్వాత ఆ చీటీ పక్కింటావిడ చేత చదివిస్తే, అన్నీ మానేయమని ఉంది. అప్పట్నుంచీ ఈయనకి తెలీకుండా కాఫీలో పంచదార తగ్గించుకుంటూ వస్తున్నా."

"మరి చెప్పేయకపోయారా?"

"చెప్తే చిన్నబుచ్చుకుంటారండి. ఆఫీసులో డిక్షనరీ అంటారట, ఆ మర్యాద నేనెందుకు పోగొట్టాలి? నేను నేర్చుకుంటే ఈసారి డాక్టరుగారు చెప్పేది నేనైనా వింటా కదా."

నవ్వులు ఆగిపోయాయి. తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. ఆయన చెవులు కాలిపోయాయి. నలుగురి ముందు బయటపడ్డ సిగ్గు అందులో సగమే. ఇన్నాళ్ళూ తన పరువుని తనకి తెలియకుండా కాపాడుతున్న మనిషిని పట్టుకుని, పొద్దున్నే "నీకు అర్థం కాదులే" అని వచ్చాడు. ఆ మిగతా సగాన్ని ఎక్కడ దాచుకోవాలో ఆయనకి తెలియలేదు.

"లెర్నర్ గారూ, మీ మైకు తెరిచే ఉంది, ఆయాసం వినపడుతోంది. మీ వాక్యం చెప్పండి," అంది టీచరమ్మ.

ఆయన వేలు ఫోన్లో క్లాసులోంచి బయటపడే ఎర్ర గుర్తు మీదికి వెళ్ళింది. నొక్కితే చాలు, ఆవిడకి ఎప్పటికీ తెలియదు.

"ఇది వేరే ఎవరో డిక్షనరీ అయ్యుంటారు కదండీ?" అన్నాడు మేనేజరు మెల్లగా. పాపం, ఆయన కూడా ఒక దారి చూపించాడు.

డిక్షనరీ గారు ఫోను నోటి దగ్గర పెట్టుకున్నారు.

"మై వైఫ్... పుట్ అప్ విత్ మీ."



"పుట్స్ అనాలండీ," అంది పెట్టెలోంచి భార్య గొంతు. తర్వాత చాలా చిన్నగా, "మీరేనా?" అంది.

"నేనేనోయ్. నాకు ఇంగ్లీషు రాదు."

ఆ ముక్క హాల్లో అందరికీ గట్టిగానే వినపడింది. మేనేజరు తలవంచుకుని తను రాసుకున్న దాంట్లో ఒక ఎస్ చేర్చుకున్నాడు. హెడ్డు పదవి మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

మరుసటి వారం మొగుడూ పెళ్ళాలిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ దారి పొడుగునా ఇంగ్లీషు వాక్యాలు వల్లె వేసుకుంది. ఆయన మాత్రం కుర్చీలో కూర్చోగానే తల దించుకుని, "డాక్టరుగారూ, నాకు ఇంగ్లీషు రాదండి. పోయినసారి మీరు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు," అన్నాడు.

డాక్టరు కలం బల్ల మీద పెట్టి, హాయిగా వెనక్కి వాలాడు.

"ఆ మాట ముందే చెప్పకూడదుటండీ? మీరు ఇంగ్లీషులో మొదలెట్టారు కదా అని నేనూ భరించాను."