సరంగుకు ప్రమోషన్

సరంగు అనే మాట చచ్చిపోయింది. పీడా విరగడైంది! ఆ సంతోషంలో నేను ఆఫీసంతా స్వీట్లు పంచాను.

అసలు ఆ మాటకున్న పొగరు చూడండి. పారశీకంలో సర్‌హంగ్ అంటే దళపతి. అది ఓడలెక్కి, రేవు రేవూ తిరిగి, అరిగి అరిగి మన దగ్గరికి సరంగుగా చేరింది. చిరుగుల బనీనుతో చుక్కాని పట్టే మనిషికి దళపతి హోదా ఏమిటండీ? పడవెక్కింది ఎంత పెద్ద మేనేజరైనా సరే, "కాళ్లు లోపల పెట్టుకుని కూర్చోండి" అని కసిరేవాడు!

అందుకే పడవల కంపెనీవారు దయతలచి, సరంగుగా తల నెరిసిన మా మేనమామకు కొత్త పేరు పెట్టారు. సీనియర్ వాటర్ మొబిలిటీ ఎగ్జిక్యూటివ్! మెడలో ట్యాగు, దాని పక్కనే టై. ఇంజన్ బెల్టులో పడుతుందని ఆ టైని వీపు వెనక్కి వేసుకుంటాడు, అది వేరే సంగతి. మా అత్తయ్య ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఎగ్జిక్యూటివ్‌గారూ, వచ్చేటప్పుడు కూరగాయలు తెండి" అంటోంది. టికెట్లు చింపే ఆయన ఎంట్రీ ఎనలిస్టు. తాడు కట్టే ఆయన డాకింగ్ కన్సల్టెంట్. ఇంతమంది ఆఫీసర్లు ఎక్కిన పడవకు మునిగే ధైర్యం ఎక్కడిది?

ఇంకో సుఖం కూడా ఉంది. సరంగుగా ఉన్న రోజుల్లో, గాలి ఎదురు తిరిగితే మామయ్య రేవులో నిలబడి "ఇవాళ పడవ లేదు, ఇళ్లకు పొండి" అనేవాడు. అంతే! అందరూ నోరు మూసుకుని వెనక్కి తిరగాల్సిందే. ఎంత నియంతృత్వం! ఇప్పుడా బరువు ఆయన నెత్తిన లేదు. ఆయన తన అభిప్రాయాన్ని యాప్‌లో పెడతాడు, హెడ్డాఫీసు ఏసీ గదిలోని వెదర్ టీమ్ నిర్ణయిస్తుంది. ఆ గదికి కిటికీలు లేవు కాబట్టి పక్షపాతం ఉండదు.

నిన్న సాయంత్రం ఆఫీసు వదలగానే పడవెక్కాను. నది నల్లబడి ఉంది. పడవ కట్టిన చోటే ఎగిరెగిరి పడుతోంది. మామయ్య ఫోన్‌లో హెడ్డాఫీసును బతిమాలుతున్నాడు.

"ఇప్పుడు తీస్తే అవతలి ఒడ్డు చేరం సార్!"

స్పీకర్లోంచి తియ్యటి గొంతు వినిపించింది. "మీ ఫీడ్‌బ్యాక్ మాకెంతో విలువైనదండీ. బయలుదేరండి. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

మామయ్య చుక్కాని దగ్గరికి నడిచాడు. సంస్కరణల మీద నా గౌరవం చెక్కు చెదరలేదు గానీ, కాళ్లు మాత్రం వాటంతటవే గట్టు మీదికి దూకాయి. నన్ను చూసి మిగతావాళ్లూ బిలబిలా దిగిపోయారు.

"నువ్వూ దిగు మామయ్యా! భయంగా ఉంది!" అని అరిచాను.

"నీకేంరా, ప్యాసింజర్‌వి, దిగుతావు" అన్నాడు మామయ్య, ఇంజన్ స్టార్ట్ చేస్తూ. "నేను ఎగ్జిక్యూటివ్‌ని. దిగాలంటే అప్రూవల్ రావాలి."