మడుగు దొంగ

ఒక పెద్ద అడవిలో ఎండలు ముదిరేకొద్దీ మడుగు తగ్గిపోతుంటే, అడవి సభకు చేతినిండా పని దొరికింది. నీళ్ళు తగ్గాయంటే దొంగ ఉండాలి. దొంగ ఉంటే విచారణ ఉండాలి. విచారణకు అధ్యక్షుడిగా ఏనుగు ఎటూ ఉంది.

కార్యదర్శి అడవిపంది రోజంతా మడుగులోనే పొర్లుతుంది కాబట్టి దాన్నే సాక్షిగా పిలిచారు. తెల్లారగానే అందరికన్నా ముందు అక్కడ కనిపించేది చుక్కల జింకేనని అది చెప్పింది. జింక పిల్లతల్లి, పిల్లకి పాలు పడాలని పొద్దున్నే వచ్చి తాగుతుంది. ఆ సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఏనుగు మడుగులో మునిగి, ఒంటినిండా నీళ్ళు కారుతుండగా వచ్చి కూర్చుంది. సాక్ష్యం పూర్తయ్యేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. అప్పుడు గుర్తొచ్చి, నువ్వేమంటావని జింకని అడిగింది.

"అయ్యా, తమరు తడి ఒంటితో వచ్చారు. ఇప్పుడు పొడిగా ఉన్నారు. ఆ తడి నేను తాగానా? దాన్ని తీసుకెళ్ళిన ఎండే మడుగునీ తీసుకెళ్తోంది."

ఏనుగు తొండంతో వీపు తడుముకుంది. నిజమే, పొడిగానే ఉంది. అధ్యక్షులవారి వీపు గురించి నిండు సభలో మాట్లాడటం సభాధిక్కారమని పంది అందించింది. అంతే, జింకని నీటిచుక్కలేని కొండమీదికి వెళ్ళగొట్టారు. పాలు తాగే పిల్లనీ దాంతోపాటే తరిమారు. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఒక్క జంతువూ కాదనలేదు.

జింక పోయినా మడుగు తగ్గుతూనే ఉంది. ఎందుకైనా మంచిదని దానిమీద చలువపందిరి వేయించాలని సభ తీర్మానించింది. కొమ్మల కోసం దూరం పోవడమెందుకని ఒడ్డున ఉన్న చెట్లనే ఏనుగు కూల్చింది. నీడ పోయిన నేల పెనంలా కాలింది. దానిమీది గాలి వేడెక్కి పైకి లేచింది, ఆ ఖాళీలోకి చుట్టుపక్కల గాలి దూసుకొచ్చి సుడి తిరిగింది, పందిరి కాస్తా ఎగిరిపోయింది. కొన్నాళ్ళకి మడుగులో బురద మాత్రం మిగిలింది. పంది ఒక్కటే సంతోషించింది.

ఆవిరైన నీళ్ళు ఎక్కడికి పోతాయి? పైకెళ్ళి, చల్లబడి, మబ్బులై, గాలికి కొట్టుకొచ్చి కొండమీద కురిశాయి. జింకా పిల్లా కడుపారా తాగాయి.

బురదలో నిలబడి సభ ఆ వానని చూసింది.

"మన నీళ్ళన్నీ ఎవరి దగ్గర ఉన్నాయో చూశారుగా," అంది పంది.

నేరం రుజువైంది కనుక జింక ఇక జన్మలో కొండ దిగకూడదని ఏనుగు శిక్ష పెంచింది.

నీతి: తీర్పు ముందే ఖాయం చేసుకుంటే, వాన కూడా వచ్చి సాక్ష్యం చెబుతుంది.