తిరగనన్న బోల్టుకి నా దండం

ఇలా రండి, ఇంకాస్త ఇవతలికి జరిగి కూర్చోండి. నా గొంతు మునుపటిలా లేదు. పైగా ఇది వీధిలోకి వినపడేలా చెప్పుకునే సంగతి కాదు. చేతిలో ఫోన్లు పక్కన పెట్టండి. పెట్టారా? అయితే వినండి.

తుప్పు పట్టి, బిగుసుకుపోయి, తలకాయ అరిగి గుండ్రంగా తయారై, ఏ పానాకీ చిక్కని బోల్టు ఉందే, సంసారానికి అంతకు మించిన వరం ఇంకొకటి లేదు!

నవ్వకండి. నేను బడి మధ్యలో మానేసినదాన్నే గానీ మతి పోయినదాన్ని కాదు. మీ ఇళ్లలో అన్నీ ఒక్క తిప్పుకి ఊడొచ్చే సామాన్లే. అందుకే మీ మగవాళ్లు నలుగురూ ఒకచోట చేరరు. మా ఇంట్లో చేరారు. ఎవరు చేర్చారు? పెళ్లా, పేరంటమా? బోల్టు!

మా ముందుగదిలో పిండిమర ఉంది. మా ఆయన పెట్టించినది. నేలలో పాతిన ఇనుప చట్రానికి నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆయన పోయాక దాన్ని మా చిన్నకోడలే నడుపుతోంది. మా చిన్నవాడు లారీ ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో వాడికే తెలియదు. పిల్లల చదువులూ, ఇంట్లో పొయ్యీ, ఆ పిల్ల నవ్వు మొహమూ అన్నీ ఆ మర మీదే ఆధారపడి ఉన్నాయి.

మా పెద్దవాడిది ఆఫీసు ఉద్యోగం. వాడికి ఉన్నట్టుండి ఆ గది కారుకి కావలసి వచ్చింది. కారేదీ అంటారా? ఇంకా కొనలేదు. రేపు కారు వచ్చి గుమ్మంలో నిలబడి "నా గది ఏదీ?" అని అడిగితే ఏం జవాబు చెప్పాలని వాడి బెంగ! అందుకని మరను తుక్కు సామాన్లు కొనే ఆయనకి ఇచ్చేస్తానని మాట ఇచ్చి వచ్చాడు. విప్పి పెట్టడం మన పని, మోసుకుపోవడం ఆయన పని.

మూడు బోల్టులు బుద్ధిగా వచ్చేశాయి. గోడ మూలనున్న నాలుగోది మాత్రం రానంది.

ఎందుకు వస్తుంది చెప్పండి? మా ఇంట్లో ఒక అలవాటుంది. ఏ వస్తువు పాతబడినా దానికి నూనె పెట్టం, రంగు వేస్తాం! మా పెద్దవాడు ఏటా ఒకసారి బ్రష్షు పట్టుకుని మరకీ, బోల్టులకీ, వాటి సందులకీ ఆకుపచ్చ పెయింటు దట్టంగా పూసేస్తాడు. నూనె పెడితే ఎవరికి కనపడుతుంది? రంగైతే వచ్చిపోయేవాళ్లు "అబ్బ, కొత్తదానిలా ఉందే!" అంటారు. చెయ్యి పట్టిన మూడింటికీ చిన్నకోడలు ఆ రంగు గీకి నూనె పెడుతూ వచ్చింది. మూలనున్నదానికి చెయ్యి పట్టదు. దానికి పైన రంగు మీద రంగు, లోపల తుప్పు మీద తుప్పు.

మొదట పెద్దవాడు దిగాడు. పానా కాస్త వదులుగా ఉంటే సందులో మేకు దూర్చాడు. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపు ఊపాడు. "కదిలిందమ్మా! చూశావా?" అన్నాడు. చూశాను. కదిలింది వాడి వేలి గోరు. బోల్టుకి ఓ పలక చెక్కుకుపోయింది, అంతే.

తరువాత మా అల్లుడు. "బలం కాదు బావా, ఒడుపుండాలి" అంటూ పానాకి పొడుగాటి పైపు తొడిగి, దాని మీద పొట్ట ఆనించి వేలాడాడు. పానా జారింది. అల్లుడు వెళ్లి పిండి గంగాళంలో కూలబడ్డాడు. లేచేసరికి మొహమంతా తెల్లగా మెరిసిపోతోంది. పెళ్లినాడు కూడా ఆ మొహంలో అంత కళ లేదు!

ఇక ఎదురింటి రిటైరైన పెద్దమనిషి. ఆయన పానా ముట్టుకోలేదు, సెల్‌ఫోన్ ముట్టుకున్నాడు. ఎవరో ఎక్కడో బోల్టు మీద కూల్‌డ్రింకు పోస్తే ఊడొచ్చిందట, వీడియో చూపించాడు. సీసాడు పోశారు. బోల్టు రాలేదు, చీమలొచ్చాయి. వీడియోలో చీమల సంగతి లేదని ఆయన చాలా బాధపడ్డాడు.

అలా ఒక్కొక్కరూ ఒక్కో మూల చెక్కి, ఆరు పలకల తలకాయని నున్నటి గులకరాయిలా చేసిపెట్టారు. ఇక చూడండి నా ఇంటి వైభవం!

తిన్న కంచం తీయడం ఎరగని నా పెద్దకొడుకు నేల మీద మోకాళ్లూని మూలంతా తుడిచాడు. పట్టుమని రెండు మాటలు మాట్లాడుకోని బావాబావమరుదులు ఒకే తుండుగుడ్డతో చెమట తుడుచుకున్నారు. కిరసనాయిలు పోశారు, కొవ్వొత్తితో కాచారు, సుత్తితో సుతారంగా తట్టారు. "రావే తల్లీ, ఒక్కసారి కదులు, నా బంగారం కదూ!" అని మా పెద్దవాడు దాన్ని బతిమాలుతుంటే గడపలో నిలబడ్డ పెద్దకోడలు నోరు తెరుచుకుని విన్నది. పాపం, కాపురానికి వచ్చాక ఆ గొంతు ఆమె వినడం అదే మొదలు!

ఏ గురువు నేర్పగలడండీ ఇంత ఓర్పు? ఏ ఆఫీసు నేర్పగలదు ఇంత వినయం?

వీళ్లు సాయంత్రాలు ఆ మూడూ ఊడదీసి నాలుగోదానితో కుస్తీ పడతారు. పొద్దున్నే చిన్నకోడలు చీర కుచ్చిళ్లు దోపి, ఆ మూడూ మళ్లీ బిగించి, స్విచ్చి వేసి గోధుమలు ఆడిస్తుంది. వాకిట్లో జనం డబ్బాలు పట్టుకుని నిలబడతారు. సాయంత్రం విప్పుడు, పొద్దున బిగింపు. గడియారంలా నడిచింది మా ఇల్లు!

చివరికి మా పెద్దవాడు తల గోక్కుంటూ అడిగాడు: "అమ్మాయ్, రోజూ దీని దగ్గరే ఉంటావుగా. ఇదెలా వస్తుందో నీకేమైనా తెలుసా?"

చిన్నకోడలు పిండి జల్లెడ ఆపలేదు. "నాకేం తెలుసు బావగారూ! ఈ మరను ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు మీరు కదా."

తెలుసండీ దానికి! రంగు గీకి, నూనె పోసి, ఒక పూట కదపకుండా వదిలేసి, బాగా వేడి చేసి, అంచున ఉలితో గంటు పెట్టి, ఊడే వైపుకి తడుతూ పోవాలని ఆ మర్నాడు నాకు చెప్పింది. వాళ్లకి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

ఆదివారం తుక్కాయన గ్యాస్ కట్టర్ పట్టుకుని వచ్చాడు. ఇక విప్పడం లేదు, కోసేయడమే. చిన్నకోడలు మర పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. దాని చెయ్యి మర మూత మీద ఉంది.

నేను నా పీట లాక్కుని పోయి, ఆ మూల బోల్టుకి అడ్డంగా కూర్చున్నాను.

"జరగండి పెద్దమ్మా, నిప్పురవ్వలు పడతాయి" అన్నాడు తుక్కాయన.

"నేనూ ఈ ఇంట్లో బిగించిన పాత సామానే నాయనా. ముందు నన్ను విప్పు, తరువాత దాన్ని కోద్దువుగాని."

"అమ్మా, లే! నలుగురూ చూస్తున్నారు" అన్నాడు పెద్దవాడు పళ్లు కొరుకుతూ.

"చూడనీరా. పలకలన్నీ అరిగిపోయినదాన్ని, ఏ పానా వేసి తిప్పుతావో తిప్పు!"

అల్లుడు పైపు వైపు చూసి, నా వైపు చూసి, మెల్లగా వాకిట్లోకి నడిచాడు. తెలివైనవాడు.

తుక్కాయన కట్టర్ కింద పెట్టి ఓ ప్రశ్న అడిగాడు. అన్నాళ్లలో ఆ గదిలో ఎవరూ అడగని ప్రశ్న. "ఇంతకీ ఈ మర నడుపుతున్నది ఎవరండీ? వాళ్లకి అమ్మడం ఇష్టమేనా?"

"వద్దు" అంది చిన్నకోడలు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అమ్మా! నా గ్యాసు దండగ" అని ఆయన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. మా పెద్దవాడు కూడా ఆమె వైపు తిరిగి అదే మాట అన్నాడు: "అవును, ముందే చెప్పొచ్చుగా!"

ముందే చెప్పొచ్చుగా! విన్నారా?

మర అమ్మేస్తున్నానని వాడు అన్నం దగ్గర అన్న రోజునే ఆ పిల్ల "వద్దు బావగారూ" అంది. వాడు "కాసిని నీళ్లు పొయ్యి" అన్నాడు. పోసింది. మర్నాడు మళ్లీ అంది. "ఆడవాళ్లకి సెంటిమెంట్లు ఎక్కువ" అన్నాడు అల్లుడు. తుక్కాయన కొలతలకి వచ్చిన రోజున మూడోసారి అంది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఎవరూ వినలేదు.

మనిషి నోరు తెరిచి వద్దంటే సెంటిమెంటు. ఇనుము నోరు మూసుకుని రానంటే వీధివీధంతా వచ్చి, మోకాళ్లూని, బతిమాలి, దాని మనసులో ఏముందో కనుక్కోవడానికి వీడియోలు చూస్తుంది!

మర ఇప్పటికీ ముందుగదిలోనే ఉంది. కారు ఇంకా రాలేదు, వస్తే ఎండలో నిలబడుతుంది.

మిమ్మల్నీ ఒకమాట అడుగుతాను, కోప్పడకండి. "మా చిన్నకోడలు వద్దంది, రండి వినండి" అని పిలిస్తే ఇంత దగ్గరకి వచ్చి కూర్చునేవారా? బోల్టు అన్నాను కాబట్టి వచ్చారు.

సరే, వచ్చారు, విన్నారు. ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం నాలా బోల్టు దగ్గర మొదలుపెట్టకండి. అన్నం దగ్గర, ఆ పిల్ల మొదటిసారి "వద్దు" అన్న చోట మొదలుపెట్టండి. అక్కడే ఎవరైనా "కాసిని నీళ్లు పొయ్యి" అంటే, పొయ్యకండి.