నయం కాని నాయిక

ప్రేమ రెండు హృదయాలకు సంబంధించిన విషయమని లోకం పొరబడుతోంది. అది మూడు ప్రతుల్లో సమర్పించవలసిన విషయం. గోపాలపట్నంలో పిండిమర పైఅంతస్తులో నడిచే ప్రాంతీయ ప్రేమకథల ఆమోద మండలికి ఈ సంగతి మొదట్నించీ తెలుసు. (మండలిని ఎందుకు పెట్టారన్నది మాత్రం ఇంకా విచారణలో ఉంది.)

సత్యశ్రీ దువ్వాడ నుంచి తన నవల పట్టుకుని అక్కడికి వెళ్లడం అది ఆరోసారి. నవల్లో కీర్తన, యశస్విని అనే ఇద్దరమ్మాయిలు ప్రేమించుకుంటారు. కీర్తనకు ఆటిజం. కుక్కరు విజిలేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరుతుంది. అందుకని యశస్విని కుక్కరును అటకెక్కించి, రోజూ గంజి వార్చి అన్నం వండుతుంది. చివర్లో ఇద్దరూ సుఖంగా ఉంటారు. ఆ చివరి వాక్యం కోసమే సత్యశ్రీ నాలుగేళ్లు రాసింది. అది పోతే ఆ పుస్తకం వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

మండలి అధికారి నీలకంఠంగారు స్టీలు ప్లాంటులో ముప్పయ్యేళ్లు పంపులు బాగుచేసి రిటైరయ్యారు. మండలికి సొంత ఫారాలు లేకపోవడంతో పంపుల మరమ్మతు ఫారాలే వాడుతున్నారు. (ఇంతవరకూ ఏ నాయకుడూ అభ్యంతరం చెప్పలేదు. ఒత్తిడి, లీకేజీ గడులు చాలామందికి చక్కగా సరిపోయాయి.)

"నాయకుడి గడి కాళీగుందేటమ్మా?"

"అక్కడ కూడా నాయికే సార్."

"ఇద్దరూ ఆడోలే? సర్లే, మా కాడా జంట పంపులుండీవి. రెండోదాన్ని స్టాండుబై అని రాసేత్తన్నాను." రాసేశారు. "మరి ఈ కీర్తన ఎప్పుడు బాగవుద్ది? మరమ్మతు పూర్తయిన తేదీ గావాల."

"బాగవదు సార్. అది జబ్బు కాదు. ఆమె అంతే."

"మరి పేమ దేనికమ్మా?" నీలకంఠంగారు నిజంగానే నొచ్చుకున్నారు.

పద్నాలుగో నిబంధన చదివి వినిపించారు. మనసు ఇబ్బంది ఉన్న పాత్ర ఇరవయ్యో అధ్యాయం లోపల ప్రేమ వల్ల నయం కావాలి. కుదరకపోతే చనిపోవాలి. చావుకు ఏ పత్రమూ జతచేయనక్కర్లేదు. నయం కాకుండా, చావకుండా సుఖపడదలచిన పాత్రలు మాత్రం స్వయంగా హాజరై, సుఖంగా ఉన్నట్టు సంతకం పెట్టాలి. (ఇంతవరకూ ఎవరూ రాలేదు.)

సత్యశ్రీకి ఒళ్లు మండింది. మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత తనతో ఒకే ఇంట్లో ఉండే రాణికి ఫోను చేసింది.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. కింద తిరిగే మర చప్పుడు పడక సత్యశ్రీ చెవులకు పెద్ద హెడ్‌ఫోను డిప్పలు తగిలించుకుంది. రాణి చేతిలో టిఫిన్ కేరియరు ఉంది.

"ఎవులమ్మా మీరు?"

"నాను యశస్వినినండి," అంది రాణి తడుముకోకుండా. "ఇది కీర్తన. దీనికేటీ నయం అవనేదు. సుకంగానే ఉన్నాం."

నీలకంఠంగారు సత్యశ్రీని ఎగాదిగా చూశారు. "నిన్న నువ్వు రచయిత్రివి గదమ్మా?"

"నిన్న సార్."

ఆయన నియమావళి రెండుసార్లు తిరగేశారు. అందులో దీనికి అడ్డేమీ కనబడలేదు. "రుజువేటి?" అన్నారు.

రాణి కేరియరు మూత తీసింది. ఆయన నాలుగు మెతుకులు తీసుకుని, వేళ్ల మధ్య నలిపి, నోట్లో వేసుకున్నారు.

"వార్సిన అన్నవే. మా ఇంటిది ఉన్నప్పుడు ఇలగే వార్సీది." ఇద్దరిచేతా సంతకాలు పెట్టించి, ముద్ర తీసి గట్టిగా కొట్టారు.

'పై ఇద్దరూ కల్పిత పాత్రలని ధ్రువీకరించడమైనది. వారి సుఖానికి మండలికి అభ్యంతరం లేదు.' సత్యశ్రీకి సంతోషంతో కళ్లు చెమర్చాయి. చివరి వాక్యం బతికింది.

రాణి మాత్రం కాగితం పట్టుకుని నిలబడిపోయింది. "సారూ, ఇల్లుగలాయనకి అక్కసెల్లెళ్లమని సెప్పి ఉంటన్నాం. ఈ కాయితం సూపించి నిజం సెప్పీయొచ్చా?"

"ఒలమ్మ! ఇది పాత్రలకేనమ్మా. మనుసులకి ఏరే కౌంటరు. అటు ఎల్లండి."

ఆయన చూపించిన చోట ఉత్త గోడ ఉంది. గోడ ముందు అప్పటికే చాలామంది లైనులో నిలబడి ఉన్నారు.