విస్తరి ముందు కూర్చునేవారు కావలెను

నిజామాబాద్ పట్టణం, బోధన్ రోడ్డు, హరిద్రానగర్ కాలనీ అభివృద్ధి కమిటీ వారు కార్తీక మాసపు వార్షికోత్సవాన్ని పురస్కరించుకుని ఏకగ్రీవంగా చేసిన తీర్మానం ఏమనగా: ఈ సంవత్సరం అన్నదానంలో సేవ చేయదలచినవారు విడివిడిగా చేయరాదు. ఇంటిల్లిపాదీ చేయవలెను. ఇంట్లో ఒకరు వడ్డిస్తుంటే మిగిలినవారు కూర్చుని తినే దురాచారాన్ని ఇందుమూలంగా రద్దు చేయడమైనది.

తీర్మానాన్ని చదివి వినిపించినవారు అధ్యక్షులు ఆత్మారాం గారు. ఆయన మోర్తాడ్ దగ్గరి ఊళ్లో ఇరవై ఏళ్లు అభివృద్ధి కమిటీని నడిపి, ఆ అనుభవాన్నంతా వెంటబెట్టుకుని పట్నానికి వచ్చారు. ఆ వైపు ఊళ్లలో కాలువ పూడిక తీయాలన్నా, పండుగకు బాట బాగుచేయాలన్నా ఇంటికొక మనిషి రావడం ఆనవాయితీ. రాని ఇంటిని ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. ఇంటికి ఒక్కరొస్తేనే ఊరు అంత బాగుపడినప్పుడు, ఇంటికి ఐదుగురొస్తే కాలనీ ఐదింతలు బాగుపడాలి కదా అని ఆత్మారాం గారి ఆలోచన. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కమిటీలో ఉన్న రిటైర్డు లెక్కల మాస్టారు కూడా చేయెత్తి ఆమోదించారు.

సేవ నిస్వార్థంగా ఉండాలి గనుక దానికి ఏటా లాగే ఒక షీల్డు పెట్టారు. ‘ఆదర్శ సేవా కుటుంబం’గా ఎంపికైనవారి ఫోటోను నిలువెత్తు ఫ్లెక్సీగా కాలనీ గేటు పైన ఏడాది పొడుగునా ఉంచుతారు. ఈసారి కొత్త షరతు ఒక్కటే. కుటుంబంలో ఏ ఒక్కరు సేవ మానినా ఆ కుటుంబం మొత్తం పోటీలోంచి తప్పుకున్నట్టే. ఈ షరతు విన్న తర్వాత కాలనీలోని నలభై రెండు ఇళ్లవాళ్లకీ ఒక్కసారిగా సేవాభావం పుట్టుకొచ్చింది. సాయంత్రానికల్లా నలభై రెండు కుటుంబాలూ పేర్లు రాయించుకున్నాయి. ఇంత ఐకమత్యం జిల్లాలో మరెక్కడా లేదని ఆత్మారాం గారు కళ్లు తుడుచుకున్నారు.

నలభై రెండో నంబరు ఇల్లు నర్సింలుది. పసుపు యార్డులో గుమాస్తా. ఏడాది కాలంగా అతనికి ఒక్కటే బాధ. పొద్దున్నే బండి మీద గేటు దాటాలంటే పోయిన ఏడు షీల్డు గెలిచిన ఒకటో నంబరు ఇంటి గిరిబాబు ఫ్లెక్సీ కింద నుంచి పోవాలి. గిరిబాబుది బోధన్ పక్కన, ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు స్థిరపడ్డ క్యాంపులో చెరకు తోటలున్న కుటుంబం, పిల్లల చదువుల కోసం పట్నంలో ఇల్లు కట్టుకుంది. ఫ్లెక్సీలో గిరిబాబు రెండు చేతులూ జోడించి వినయంగా నవ్వుతుంటాడు. వాన పడ్డా నవ్వు మాత్రం చెదరలేదు. ఆ వినయాన్ని రోజూ రెండుసార్లు భరించి నర్సింలు సగం చిక్కిపోయాడు. ఈసారి షీల్డు రాకపోతే ఇల్లు అద్దెకిచ్చి నవీపేట్ పోదామని భార్య పుష్పలతతో కచ్చితంగా చెప్పేశాడు.

అంతా సిద్ధమైంది. కొడుకు నితీష్ ట్యూషన్ మానేశాడు. కూతురు దీక్షిత జ్వరాన్ని వాయిదా వేసుకుంది. పుష్పలత తాను పనిచేసే బట్టల దుకాణంలో సెలవు పెట్టింది. అడ్డం వచ్చింది నర్సింలు కన్నతల్లి రుక్మాబాయి.

"నేను గీసారి సేవ జేసెటోళ్ల టీషర్టు తొడుగ," అన్నది ఆమె. "బంతిల కూసుంట. ఎవలన్న వడ్డిస్తే తింట."

నర్సింలు అదిరిపడ్డాడు. "అట్లంటె ఎట్లనే అవ్వా? నువ్వు కూసుంటె మన ఇల్లు లిస్టుల నుంచి పోతది."

"పోనియ్. రెండేండ్ల సంది ఇంటికొక్కలని నన్నే నీళ్ల డ్రమ్ము కాడ నిలవెట్టిండ్రు. అందరు తిన్నంక నాలుగు గంటలు గొట్టంగ అడుగంటిన అన్నం వెట్టిండ్రు. పప్పు గూడ లేకుండె. నాకు డెబ్బై రెండేండ్లు వచ్చె. ముందల విస్తరి వెట్టుకోని కూసుంటె, ఒకలు వంగి ఏడి ఏడి అన్నం వడ్డించాలె. గంతే నా కోరిక."

"ఇంట్ల తింటలేవా?"

"ఇంట్ల మీ అందరికి వెట్టినంక నేనే వెట్టుకోని తింట. నేనంటున్నది గది గాదు."

పుష్పలత మధ్యలో కల్పించుకుంది. "అత్తమ్మా, గీ ఒక్కసారి ఓర్సుకో. వచ్చే యేడు నువ్వే మొదటి బంతిల కూసుందువు." ఇదే మాట పోయిన ఏడు కూడా చెప్పింది, అంతకుముందు ఏడు కూడా చెప్పింది. ఆ ఇంట్లో మాట మీద నిలబడే గుణం ఎంత గట్టిదో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. రుక్మాబాయి ఇంకేమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే అని నర్సింలు తీర్పు చెప్పాడు.

ఉత్సవం నాడు పొద్దున్నే కాలనీ మొత్తం పచ్చబడింది. మనుషులందరూ సమానమన్న ఉద్దేశంతో కమిటీవారు పసుపు రంగు టీషర్టులు అన్నీ ఒకే సైజువి తెప్పించారు. కొందరికి అవి పొట్ట దగ్గర ఆగిపోయాయి, పిల్లలకు మోకాళ్ల దాకా వచ్చాయి. రుక్మాబాయికి చీర మీదుగా తొడిగి, పైన బ్యాడ్జీ గుచ్చారు.

పనులు నలభై రెండు భాగాలుగా పంచారు. అంత పని ఎక్కడా లేదు గనుక కొంత పనిని కొత్తగా కనిపెట్టవలసి వచ్చింది. ఉప్పు ఒక కుటుంబానికి, ఊరగాయ ఒక కుటుంబానికి, అప్పడాలు ఒక కుటుంబానికి ఇచ్చారు. చెప్పులు చూసుకునే కుటుంబం చెప్పుల కోసం ఎదురుచూసింది. వరుస తోసుకోకుండా చూసే కుటుంబానికి నాలుగు విజిళ్లు ఇచ్చారు. గేటు నుంచి పందిరి నలభై అడుగులు, సూటిగా కనిపిస్తూనే ఉంటుంది. అయినా దారి చూపడానికి తాతతో సహా ఏడుగురిని నిలబెట్టారు. అన్నం వడ్డించే సేవ నర్సింలు కుటుంబానికి వచ్చింది. అన్నమంటే అన్నదానంలో ముఖ్యమైన వస్తువు గనుక షీల్డు ఖాయమని అతను లోలోపల పొంగిపోయాడు.

గిరిబాబు కుటుంబానికి దక్కింది గేటు దగ్గర బయటివారిని ఆపే సేవ. దాన్ని వారు చాలా మర్యాదగా నిర్వహించారు. చెరకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీల ట్రాక్టరు ఒకటి వంట వాసనకు ఆగింది. "ఏవండీ, ఇది కాలనీవాళ్ల అన్నదానమండీ, ఏమనుకోకండి," అని గిరిబాబు నమస్కారం పెట్టి పంపించాడు. వరి కోతకు పోతున్న ఆడవాళ్లను, ఇద్దరు ఆటోవాళ్లను, వాళ్ల వెనకే వచ్చిన మరో పాతిక మందిని అలాగే సాగనంపాడు. మధ్యాహ్నానికి మొత్తం అరవై మంది ఆకలిగొన్నవారి బారి నుంచి అన్నదానాన్ని కాపాడాడు. షీల్డుకు మార్కులు వేసే న్యాయనిర్ణేతలు ఇదంతా నోటు చేసుకున్నారు.

ఒంటిగంటకు మూడు వందల విస్తర్లు పరిచారు. నీళ్ల గ్లాసులు పెట్టారు. ఫోటోగ్రాఫర్ అనిల్‌కుమార్ కుర్చీ ఎక్కి కెమెరా సరిచేసుకున్నాడు. గరిటెలన్నీ లేచాయి. అప్పుడు గమనించారు, విస్తర్ల ముందు ఎవరూ లేరని. కాలనీలో ఉన్నవాళ్లందరూ వడ్డించేవాళ్లే అయ్యారు.

ఆత్మారాం గారు మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా, భోజనం చేయుటకు ఆసక్తి గలవారు వేదిక వద్ద తమ పేరు నమోదు చేసుకోగలరు. భోజనం చేయుట కూడా ఒక విధమైన సేవయే అని కమిటీ గుర్తిస్తున్నది. అయితే దానికి మార్కులు లేవు."

ఎవరూ కదల్లేదు. "మీరు కూసోండ్రి అన్నా," అని ఒకరు, "అయ్యో, పెద్దలు మీరుండగా మేమెట్ల కూసుంటం," అని మరొకరు. ఎదుటివాడికి అన్నం పెట్టాలన్న పట్టుదల హరిద్రానగర్‌లో ఆ రోజున్నంతగా ఎన్నడూ లేదు. పక్క కాలనీకి మనిషిని పంపితే, వాళ్లూ ఇదే పథకం పెట్టుకున్నారట. తినడానికి మీరే రండి అని కబురు పెట్టారు. పొద్దున్న పంపేసిన కూలీలను తీసుకురమ్మని గిరిబాబును రోడ్డు మీదికి తరిమారు. ట్రాక్టరు జానకంపేట దాటిపోయి ఉంటుందని అతను చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. గుండిగలో అన్నం చల్లబడుతోంది.

అప్పుడు రుక్మాబాయి టీషర్టు విప్పింది. నీటుగా మడత పెట్టి కుర్చీలో ఉంచింది. మొదటి బంతిలో మొదటి విస్తరి ముందు మఠం వేసుకుని కూర్చుంది.

"అవ్వా, లెవ్వే, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు నర్సింలు గొంతు తగ్గించి. "ఇజ్జత్ పోతది."

"అన్నం ముందల కూసుంటె పోయే ఇజ్జత్ పోనియ్ బిడ్డా," అన్నది ఆమె, విస్తరి మీద నీళ్లు చల్లుకుంటూ.

నర్సింలు షీల్డు ఆ క్షణానే పోయింది. అతను దిగులుపడటానికి కూడా వ్యవధి లేకపోయింది. ఎందుకంటే మిగిలిన నలభై ఒక్క కుటుంబాలు గరిటెలెత్తి ఆమె మీదికి వచ్చాయి. వరుస చూసే కుటుంబానికి ఎట్టకేలకు పని దొరికింది. నాలుగు విజిళ్లూ ఒకేసారి మోగాయి. ఇంటి నంబర్ల ప్రకారం క్యూ కట్టించారు. ఒక్క ముసలామెకు ఉప్పు వేయడానికి ఐదుగురు వంగారు, ఊరగాయకు ఆరుగురు. ఆరు గ్లాసుల నీళ్లు, పది అప్పడాలు, నాలుగు లడ్డూలు వచ్చి చేరాయి. ప్రతి కుటుంబమూ ఆమె భుజం మీద చేయి వేసి అనిల్‌కుమార్ వైపు చూసి నవ్వింది. విస్తరి నిండింది గానీ అందులో అన్నం లేదు. అన్నం నలభై రెండో నంబరుది.

"ఇక్కడ ఖాళీయేనా అమ్మా?" అని ఎవరో అడిగారు. గిరిబాబు తండ్రి బసవయ్య. ఆయన టీషర్టు తీసేసి పక్క విస్తరి ముందు కూర్చున్నాడు. "నాన్నగారూ," అని గిరిబాబు అరిచాడు గానీ ఆయనకు ఆ వేళ చెవులు సరిగా వినబడలేదు. ఆయన వెనకే భార్య రాధాకుమారి. తర్వాత దారి చూపే తాత. ఇలా ఒక్కో ఇంటి నుంచి ఒక్కో ముసలి ప్రాణం టీషర్టు మడిచి వచ్చి కూర్చుంది. చూస్తుండగానే బంతి నిండింది. కాలనీలో ఇంతమంది పెద్దవాళ్లున్నారని చాలామందికి అప్పుడే తెలిసింది.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఆత్మారాం గారి సొంత తల్లి కూడా బంతిలో కూర్చుని ఉన్నందున నిర్ణయం త్వరగానే వచ్చింది. "పెద్దల అవగాహనా లోపం వల్ల అన్ని కుటుంబాలూ అనర్హమైనవి. కావున ఈ సంవత్సరం షీల్డు లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము."

సేవాభావం ఎంత సున్నితమైనదో అప్పుడు చూడాలి. గరిటెలు బల్లల మీదికి చేరాయి. ఒకరికి ఫోన్ వచ్చింది, ఇంకొకరికి నడుము పట్టేసింది. వడ్డించేవాళ్లు పందిరి గుంజల దాకా జరిగారు. బంతిలో నలభై మూడు మంది పెద్దవాళ్లు విస్తర్లు ముందేసుకుని కూర్చున్నారు. నర్సింలు కూడా అన్నం బేసిన్ దించబోయాడు.

"బిడ్డా," అన్నది రుక్మాబాయి. "అన్నం."

అతను వంగాడు. గరిటె నిండా తీసుకుని విస్తరి దాకా తెచ్చి ఆగిపోయాడు. ఒక గరిటె వేయాలా, రెండా, అసలు ఆమె మధ్యాహ్నం అన్నం తింటుందా, రొట్టె తింటుందా? నలభై ఆరేళ్ల మనిషి. పసుపు కొమ్మును చేత్తో పట్టుకుంటే ఎంత తూగుతుందో చెప్పగలడు.

"ఎంత వెట్టాలె అవ్వా?" అని అడిగాడు.

రుక్మాబాయి తలెత్తి చూసింది. కోపం లేదు. "ఎన్నడన్న వెడితె ఎరుకుంటుండె," అన్నది. "రెండు గంటెలు వెయ్యి."

నర్సింలుకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు గరిటెలు వేసి, ఎందుకో మూడోది కూడా వేశాడు. పక్కన గిరిబాబు పప్పు బకెట్టుతో తండ్రి ముందు నిలబడి, "ఎంత వెయ్యమంటారు నాన్నగారూ?" అని అడుగుతున్నాడు. గుంజల దగ్గరున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెల్లగా వెనక్కి వచ్చారు. బంతి పొడుగునా ఆ మధ్యాహ్నం అదే ప్రశ్న వినిపించింది. నలభై మూడు మందీ కడుపునిండా తిన్నారు. రుక్మాబాయి పచ్చిపులుసు రెండుసార్లు అడిగి వేయించుకుంది.

నర్సింలు వంగి వడ్డిస్తున్న ఫోటో అనిల్‌కుమార్ కెమెరాలో బ్రహ్మాండంగా పడింది. దాన్ని చూసి కమిటీవారు మనసు మార్చుకున్నారు. షీల్డు మీద అక్షరాలు దిద్దించి ‘ఆదర్శ పుత్రుడు’ అని నర్సింలుకు బహూకరించారు. "ఇటువంటి కొడుకు ఇంటింటా ఉండాలి," అని ఆత్మారాం గారు మైకులో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. గేటు మీద గిరిబాబు దిగిపోయి, తల్లికి అన్నం పెడుతున్న నర్సింలు ఎక్కాడు. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి చూసి, మా ఇంట్లోనూ ఇంతే అనుకుంటూ పోతున్నారు.

వార్షికోత్సవం ఏడాదికి ఒక్కసారే వస్తుందని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఉత్సవం నాటి సాయంత్రం సన్మానం ముగించుకుని నర్సింలు షీల్డుతో ఇంటికొచ్చాడు. బాగా అలసిపోయి, టీవీ ముందు కూర్చుని, "అవ్వా, ఆకలైతున్నది," అని కేకేశాడు. రుక్మాబాయి మోకాళ్లు పట్టుకుని లేచి, కంచం తెచ్చి అన్నం పెట్టింది. ఎంత పెట్టాలో ఆమె అడగలేదు.